పదకొండు బోణీల నేల

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నా అంత తెలివిగలవాడు ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? ఒక టైల్స్ దుకాణానికి పోతారు, ఒక రంగు చూసుకుంటారు, కావలసిన నలభై నాలుగు డబ్బాలు ఒక్కసారే కొని బండికెత్తించుకుని ఇంటికొస్తారు. అంత చేతగాని పని నేను చేయలేదు. పదకొండు రోజులు, పదకొండు దుకాణాలు, రోజుకు నాలుగు డబ్బాల చొప్పున, ప్రతి డబ్బా బోణీ బేరంలోనే కొన్నాను. ఈ పద్ధతిలో ఇంటికి నేల వేయించినవాడు మొత్తం పట్నంలో నేనొక్కడినేనని ఈనాటికీ రొమ్ము విరుచుకుని చెప్పగలను. (ఇంకెవరూ ఎందుకు చేయలేదన్నదే ఇప్పుడు చెప్పబోయేది.)

బోణీ మహిమ నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. మాది పోచంపల్లి దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. తాత మగ్గం గుంటలో కూర్చున్నాడు, నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం గద్దె మీద కూర్చున్నాడు, నేను ఆ గద్దె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను. పొద్దున షటర్ ఎత్తి, గడపకు నీళ్లు చల్లి, ఊదుబత్తి ముట్టించాక మొదట వచ్చిన గిరాకీ నాయిన కళ్లకు సాక్షాత్తు లక్ష్మి. ఆ లక్ష్మి ఉత్త చేతులతో పోయిందంటే ఆ రోజు గల్లా నిండదని ఆయన భయం. అందుకే మొదటి చీర అసలు ధరకే ఇచ్చేవాడు, ఆమె మరీ గట్టిపిండమైతే అసలుకు పది తక్కువకు కూడా. ఆ నోట్లు కళ్లకద్దుకుని గల్లాలో వేశాక గానీ ఆయన మొఖంలోకి నెత్తురు తిరిగి వచ్చేది కాదు. కానీ తాను బయట ఏదన్నా కొనేటప్పుడు మాత్రం ఎవరి బోణీ మీదా బేరం ఆడేవాడు కాదు. "ఒకని బోణీ కాడ గీసి గీసి బేరం జేసుడంటే ఆని పొద్దును గుంజుకున్నట్టే బిడ్డా" అనేవాడు. ఇందులో నాకు కావలసింది నేను పట్టుకున్నాను: బోణీ కాడ అవతలివాడు మెత్తగా ఉంటాడు. మిగతాది దుకాణంలోనే మరిచిపోయి వచ్చాను.

నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం, పెళ్లై మూడేళ్లు, సైదాబాద్‌లో కిరాయి ఇల్లు. అలాంటివాడికి కొత్తపేటలో ఒక పాత ఫ్లాటు దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పండ్ల మార్కెట్ ఇంకా కొత్తపేట విడిచిపోని కాలం కాబట్టి, ఎండాకాలంలో బాల్కనీలో నిలబడితే మామిడిపండ్ల వాసన. (కొనేటప్పుడు దాన్ని "కుళ్లు కంపు" అని ఇరవై వేలు తగ్గించాను. కొన్నాక చుట్టాలకు "సువాసన" అని చెప్పుకున్నాను.) బ్యాంకుకు, రిజిస్ట్రేషన్‌కు పోగా ఇల్లు బాగుచేయించడానికి మిగిలింది లక్షా యాభై వేలు. అందులో డెబ్బై నావి. ఎనభై మా ఇంటామె చిట్టీ ఎత్తి ఇచ్చింది.

ఆ ఎనభై వేలకు ఒక షరతు ఉంది. మా ఇంటామె జాకెట్లు కుడుతుంది. చీర కొంగు ఒక్కసారి చూసి, వంద గుడ్డల్లోంచి దానికి సరిగ్గా కలిసే రంగు తీయగల కన్ను. కిరాయి ఇంట్లో కింద ఉండే ఓనరమ్మకు మాత్రం ఆ మిషన్ చప్పుడంటే గిట్టదు. "మీ మిషన్ నా నెత్తి మీదనే నడుస్తున్నట్టున్నది" అని పదకొండు నుంచి నాలుగు దాకా మాత్రమే కుట్టుకోవాలని హుకుం. పైగా ఆ ఇంట్లో నేల ఎగుడుదిగుడు. మోటరు వేస్తే మిషన్ నడుచుకుంటూ గోడ దాకా పోయేది, కుట్టు దానికంటే ముందే వంకరపోయేది. అందుకే చిట్టీ డబ్బు నా చేతిలో పెట్టి, "నాకు ఫాల్స్ సీలింగ్ వద్దు, షోకేసు వద్దు. వెనక బాల్కనీ మూయించి నాకు మిషన్ రూము జేసియ్యి. నాలుగు కాళ్లు నేలకు ఆనాలె, మిషన్ కదలొద్దు. గంతే" అంది. ఇంకో సంగతి, ఆషాఢం పందొమ్మిది రోజుల్లో వచ్చేస్తుంది. ఆషాఢంలో గృహప్రవేశం చేయరు. ఓనరమ్మ మా గదులకు వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు కూడా తీసేసుకుంది. ఆ పందొమ్మిది రోజుల్లో మేం కొత్తింట్లో చేరకపోతే, సామానంతా నాయిన వాళ్ల రెండు గదుల ఇంట్లో ఒకదాని మీద ఒకటి పేర్చుకుని నెల గడపాలి. మిషన్ కట్టల కింద పడి ఉంటుంది. శ్రావణమాసం పెళ్లిళ్ల జాకెట్లన్నీ ఆషాఢంలోనే ఒప్పుకోవాలి. ఆ గిరాకీ ఒకసారి పక్క టైలర్‌కు అలవాటైతే మళ్లీ మన గడప తొక్కదు.

ఇంత తెలిసి కూడా నేను బోణీల వెంట పడ్డాను. ఎల్బీనగర్‌లో ఒక పెద్ద దుకాణంవాడు నలభై నాలుగు డబ్బాలూ డబ్బాకు ఆరు వందల తొంభై లెక్కన ఇస్తాను, బండి కిరాయి నేనే పెట్టుకుంటాను అన్నాడు. నేను నవ్వుకున్నాను. నలభై డబ్బాలంటే ఏ సేటైనా లెక్క కడతాడు. నాలుగు డబ్బాలకు, అదీ ఊదుబత్తి పొగ ఇంకా ఆరకముందు, దండం పెట్టి ఇస్తాడు. ఒకే కంపెనీ, ఒకే డిజైను నంబరు, ఒకే ఐవరీ రంగు. ఎవరి దగ్గర కొంటే ఏంది?

మొదటి రోజు సరూర్‌నగర్‌లో ఒక దుకాణం ఎదురుగా ఇడ్లీ బండి కాడ నిలబడి, షటర్ లేచి, నీళ్లు చల్లడం అయ్యేదాకా కాచుకుని లోపలికి పోయాను.

"నాలుగు డబ్బాలు సేటూ. ఐదు వందల యాభై."

"ఏడు వందల ఇరవై ఉన్నది తమ్మీ. ఐదు వందల యాభైకి నాకే పడదు."

"గట్లయితే మళ్లొస్తా" అని ఒక్క అడుగు వెనక్కి వేశాను. (ఈ అడుగు వేయడం ఒక విద్య. గడప దాటకూడదు, దాటబోతున్నట్టు కనిపించాలి. నాయిన దుకాణంలో వేలమంది ఆడవాళ్ల దగ్గర ఉచితంగా నేర్చుకున్నాను.)

"ఆగు ఆగు! బోణీ టైముల ఉత్తగ పోతవా? ఎనభై ఇయ్యి."

"అరవై."

సేటు దేవుడి పటం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. దేవుడి వైపు చూసినప్పుడు భక్తి, నా వైపు చూసినప్పుడు ఏమిటో నేను పట్టించుకోలేదు. డబ్బాకు ఐదు వందల అరవై! ట్రాలీ ఆటో మాట్లాడుకుని, నాలుగు డబ్బాలు మూడంతస్తులు నేనే మోసి, ఆఫీసుకు గంటన్నర ఆలస్యంగా పోయాను.

అలా పదకొండు పొద్దులు, ప్రతిచోటా అదే ఐదు వందల అరవై. నాగోల్ దారి, చైతన్యపురి, ఎల్బీనగర్, బడంగ్‌పేట్ రోడ్డు. తొమ్మిదో రోజు బడంగ్‌పేట్ దిక్కున నేను ఇంకా చాయ్ ఊదుకుంటుండగానే ఒక ముసలాయన లోపలికి పోయి ఐదు రూపాయల నల్లా వాషర్ ఒకటి కొన్నాడు. నా కళ్ల ముందే నా బోణీ ఐదు రూపాయలకు పోయింది. చాయ్ గ్లాసు అక్కడే పడేసి పక్క గల్లీలో ఇంకో దుకాణానికి ఉరికాను. ఇంట్లో మా ఇంటామె రోజూ ఒకటే అడిగేది: "మేస్త్రి పని మొదలువెట్టిండా?" నేను రోజూ ఒకటే చెప్పేవాణ్ణి: "మాల్ అంతా రానీ." "మాల్ అంటే టైల్సే గదా, బంగారమా?" అనేది. ఆమెకు వ్యాపారం తెలియదని జాలిపడేవాణ్ణి.

మేస్త్రిది నల్లగొండ దిక్కు. చేతిలో రసమట్టం, అదే మట్టం చూసే బుడగ గొట్టం, లేకుండా ఎప్పుడూ కనిపించడు కాబట్టి మేం ఆయనకు పెట్టుకున్న పేరు రసమట్టం. "పది దినాల పని అన్నా ఇది. పదకొండు దినాలు నన్ను ఉత్తగ కూసోవెట్టినవ్, ఎనిమిది దినాలల్ల ఎట్లయితది?" అని సణుగుతూనే పన్నెండో రోజు వచ్చి డబ్బాలు విప్పాడు. మొదటిది విప్పి ఒక పలక తీశాడు. రెండోది విప్పి ఒకటి తీశాడు. మూడోది విప్పాక మొదటి రెండూ దాని పక్కన పెట్టి చూశాడు. నా పదకొండు బోణీల నుంచి ఒక్కో పలక తీసి, కిటికీ వెలుతురులో హాలు పొడుగునా వరసగా పేర్చి, నన్ను పిలిచి ఒక చివర నిలబెట్టాడు.

"జూడన్నా. గిది పాలు. గిది పెరుగు. గిది మజ్జిగ. గిది నెయ్యి. ఆఖరుది బీడీలు తాగెటోని పండ్లు."

"అన్నీ ఐవరీయే గదా మేస్త్రీ! నంబరు కూడా ఒక్కటే."

"నంబరు ఒక్కటేనే. గిక్కడ డబ్బా మీద సన్నగ రాసింది సదివినవా? బ్యాచి. కాల్చినప్పుడల్లా రంగు జర మారుతది, సైజు మారుతది, మందం మారుతది. ఒక్క ఇంటికి ఒక్క బ్యాచి దెచ్చుకుంటరు ఎవలైనా. నువ్వు పదకొండు దెచ్చినవ్. నేను ముప్పై ఏండ్ల సంది ఈ పని జేస్తున్న, గిసొంటి కలెక్షన్ సూడలే."

ఇంతలో మా ఇంటామె అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆ వరస ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. రంగులు కలపడమే బతుకుగా ఉన్నామెకు విడమరిచి చెప్పనక్కరలేదు. డబ్బా కింద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగింది.

"నువ్వు ఎవరింట్ల పుట్టినవ్?"

నేను డబ్బా మీది బ్యాచి నంబరు చదవడం మొదలుపెట్టాను.

"నూలుకు చిటికి ముడులు కట్టి, రంగులద్ది చీరలు నేసిన ఇంట్ల గదా? మీ తాత ఒక్క చీర నూలు పదకొండు కాగులల్ల అద్దిండా ఎప్పుడన్నా?"

ఇది తగలాల్సిన చోట తగిలింది. ఒక చీరకు కావలసిన నూలంతా ఒకే కాగులో, ఒకేసారి అద్దాలి. రెండోసారి అదే రంగు, అదే కొలత కలిపినా ఆ ఛాయ రాదు. మా ఇంట్లో ఐదేళ్ల పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. నూలు గురించి తెలిసిన మాట మట్టి పలకకు కూడా వర్తిస్తుందని నాకు తోచలేదు, ఎందుకంటే ఆ పదకొండు పొద్దులూ నేను తాత మనవణ్ణి కాదు, సేట్ల పాలిటి శనిని.

తిట్టడానికి కూడా టైము లేదు. ఆమె కొంగు నడుముకు చెక్కి నేల మీద కూర్చుంది. ముందుగా పదకొండు రకాల్లోంచి ఒకదాన్ని ఏరింది. ఎల్బీనగర్‌లో నా ఐదో బోణీ అది. నాలుగు డబ్బాలు, పదహారు పలకలు. మిషన్ రూము ఎనిమిదడుగులకు ఎనిమిదడుగులు, సరిగ్గా పదహారే పడతాయి. "ఇవి నా రూముకు. వీటి జోలికి ఎవ్వరొచ్చినా బాగుండదు" అని గోడకు ఆనించి పెట్టింది. మిగతావి పాలు పెరుగు ఒక గదికి, మజ్జిగ నెయ్యి ఇంకో గదికి, ఇలా జాకెట్టు గుడ్డలు కలిపినట్టు కలిపి, అస్సలు ఎవరితోనూ పొసగనివి మంచాల కిందికీ బీరువా కిందికీ తోసింది. మేస్త్రి కూలీ చదరపు అడుగుకు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగుకు పోయింది. నేను బేరానికి నోరు తెరవబోతే, "ఒకే తీరు టైల్స్‌కు పద్దెనిమిదన్నా. గిది నేల ఏసుడు గాదు, పెండ్లి సంబంధాలు కలుపుడు. ఎక్కువ తక్కువ సైజులు సర్దాలె, అంచులు రుద్దాలె" అన్నాడు. మా ఇంటామె నా వైపు చూసింది. తెరిచిన నోరు ఆవులింత కింద మార్చుకున్నాను.

ఏడు రోజులు చచ్చీ చెడీ అన్ని గదులూ అయ్యాయి. సిమెంటు బస్తాలు మిషన్ రూములో పెట్టుకున్నందువల్ల అది ఆఖరుకు మిగిలింది. ఆషాఢానికి ఇంక రెండు రోజులు. ఆ మధ్యాహ్నం కింది ఫ్లాటు మాస్టారు పైకి వచ్చారు. గుంటూరు దిక్కున పనిచేసి రిటైరైన మనిషి, రోజుకొకసారి వచ్చి "మీ పనికి మా ఫ్యాన్లు ఊగుతున్నాయండీ" అని చెప్పి, మన చాయ్ తాగి పోతారు. ఆ రోజు గోడకానించిన పదహారు పలకల్లో ఒకదాన్ని వేలితో తట్టి పెదవి విరిచారు.

"ఇవేం పలకలు బాబూ, అప్పడాల్లా ఉన్నాయి. వీటి మీద కుట్టు మిషనా? నిలబడవండీ."

పదకొండు పొద్దులు నిద్రమాని కొన్న మాల్‌ను ఇంకొకడు అప్పడం అంటే దుకాణదారు కొడుకు ఊరుకుంటాడా? మా నాయిన గిరాకీ ముందు చీర అంచును రెండు చేతులతో ఫట్‌మని గుంజి చూపించేవాడు, "జూడమ్మా, చినుగుతదా?" అని. ఆ రక్తమే నాలోనూ పొంగింది. రెండు ఇటుకల మీద ఆ పలకను అడ్డంగా పెట్టి, "చూడండి మాస్టారూ" అని రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాను.

చీర గుంజితే ఫట్‌మంటుంది. పలక అంతకంటే గట్టిగా అంది.

మాస్టారు "నే చెప్పానుగా అండీ" అని చాయ్ తాగకుండానే మెట్లు దిగిపోయారు. మేస్త్రి రసమట్టం నేల మీద పెట్టి చూసి, "బుడగ నడుమనే ఉన్నదన్నా. నీ తలకాయనే పక్కకు ఒరిగింది" అన్నాడు. వేరే రకం పలక ఒకటి పెట్టెయ్యమన్నాను. "అవి మందం ఎక్కువ. అంచు లేస్తది. అక్క మిషన్ కాలు సక్కగ దానిమీదనే వస్తది. నేనైతే ఎయ్య" అని బీడీ ముట్టించుకున్నాడు. మా ఇంటామె రెండు ముక్కలనూ కలిపి, చినిగిన జాకెట్టును చూసినట్టు చూసి, "రెండు దినాలున్నయ్" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం మూడు గంటలకు నా ఐదో బోణీ ఇచ్చిన ఎల్బీనగర్ సేటు ముందు నిలబడ్డాను. ఒళ్లంతా సిమెంటు, చంకలో పలక ముక్క. ఆ బ్యాచి అయిపోయి వారమైందట. గోడ మీద చెక్కకు అతికించి గిరాకీలకు చూపించే నమూనా పలక ఒక్కటి మాత్రం మిగిలి ఉంది.

"అది ఇయ్యి సేటూ."

"అది అమ్మేది కాదు తమ్మీ. షో పీసు."

"ఎంతంటవ్?"

అనగానే నాలుక కరుచుకున్నాను. అవసరం మొఖం మీద కనిపించాక బేరం లేదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. సేటు కళ్లద్దాలు పైకి తోసి నన్ను తేరిపార చూశాడు. "నువ్వు... ఆ దినం నా బోణీ కాడ డబ్బాను ఐదు వందల అరవైకి గుంజుకపోయినోనివి గదా? ఆ దినమంత నా గల్లా పెట్టె ఈగలు దోలిందయ్యా. తొమ్మిది వందలు."

"డబ్బాకా?"

"డబ్బా యాడున్నది? పలకకు."

"గిదేం న్యాయం సేటూ!"

"న్యాయం పొద్దుగాల పది గంటలకు ఉంటది. మూడు గంటలకు బేరమే ఉంటది."

నేను నా విద్య ప్రయోగించాను. ఒక అడుగు వెనక్కి వేశాను. సేటు ఫ్యాను ఒక నంబరు పెంచుకున్నాడు. రెండో అడుగు వేశాను. ఆయన పేపరు విప్పాడు. గడప దాటి బయట ఎండలో మూడు నిమిషాలు నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. లోపలికి పోయి తొమ్మిది వందలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన వాటిని కళ్లకు కూడా అద్దుకోలేదు. కానీ పలక వెనక అంటుకున్న చెక్కను తానే కూర్చుని, అరగంట సేపు, అంచు పగలకుండా ఊడదీసి, పాత పేపర్లలో చుట్టి ఇచ్చాడు. "ఒళ్లో పెట్టుకోని పో తమ్మీ, ఆటో గుంతలల్ల పడుతది" అన్నాడు. నాయిన చెప్పిన మాటలో నేను మరిచివచ్చిన సగం అప్పుడు, ఆ పలక ఒళ్లో పెట్టుకుని కొత్తపేట దాకా వచ్చేటప్పుడు, మెల్లగా గుర్తుకొచ్చింది.

ఆషాఢం రేపనగా పాలు పొంగించాం. మిషన్‌ను నలుగురం మోసి ఆ గదిలో పెట్టాం. మా ఇంటామె చీర కూడా మార్చుకోకుండా కూర్చుని, బల్ల మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి మోటరు వేసింది. అందరం గ్లాసునే చూస్తున్నాం. నీళ్లు సన్నగా వణికాయి, ఒక్క చుక్క ఒలకలేదు. మిషన్ ఉన్నచోటు నుంచి కదలలేదు. ఆమె ఒక మూరెడు గుడ్డ కుట్టి, కుట్టును వెలుతురుకు పట్టి చూసుకుని, నా వైపు చూడకుండానే, "గోధుమ పిండి అయిపోయింది, దుకాణానికి పోయి రా" అంది. మూడేళ్లు కాపురం చేశాక ఆ గొంతును పట్టగలను. క్షమించింది. "మామూలు ధరకే తీస్కరా" అని కూడా అంది.

నాయిన చెప్పులు విప్పి హాలంతా నడిచాడు. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ పాదాలకు తగిలినట్టున్నాయి. "ఏ దుకాణం?" అన్నాడు. చెప్పాను. పదకొండు దుకాణాల పేర్లూ, పదకొండు బోణీల కథా. తర్వాత ఒక టైల్స్ డబ్బా అట్ట చింపి పెన్ను ఇచ్చాడు. "నోటితోని చెప్పకు. రాయి. నీకు లాభమొచ్చింది ఒక దిక్కు, పోయింది ఒక దిక్కు."

ఆ అట్ట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాని మీద రాసిన ఆ ఇరవై ఏడేళ్ల పిల్లగాడు ఇప్పుడు ఏ షటర్ ముందన్నా చాయ్ ఊదుకుంటూ కనిపిస్తే, వాడిని తిట్టను. వాడి భుజం మీద చెయ్యేసి, ఇడ్లీ డబ్బులు నేనిస్తాను, ఇంటికి పోరా అంటాను. వాడు వినడు. ఇంకొక ప్లేటు కూడా అడుగుతాడు.

లెక్క ఇది. పెద్ద దుకాణం ధర మీద పదకొండు బోణీల్లో మిగిల్చింది ఐదు వేల ఏడు వందల ఇరవై. ట్రాలీ ఆటోలు పదకొండు, మూడు వేల ఎనిమిది వందల యాభై. మేస్త్రికి ఎక్కువ కూలీ నాలుగు వేల రెండు వందలు. వెడల్పు సందులు నింపడానికి సామాను పదకొండు వందలు. ఆలస్యాలకు ఆఫీసులో కోసిన జీతం రెండు వేల నాలుగు వందలు. షటర్ల ముందు తిన్న ఇడ్లీ, చాయ్ నాలుగు వందల నలభై. షో పీసు తొమ్మిది వందలు. అంటే పోయింది పన్నెండు వేల ఎనిమిది వందల తొంభై, నికరంగా నష్టం ఏడు వేల నూట డెబ్బై. అట్ట మీద అలాగే రాసి ఉంది. ఇన్నేళ్ల తర్వాత, ఆ గదిలో మిషన్ ఇప్పుడు కూడా నడుస్తున్న చప్పుడు వింటూ, ఒక్క దిద్దుబాటు చేస్తున్నాను. ఆ తొమ్మిది వందలు నష్టం కింద రాయకూడదు, సేటు దగ్గర గుంజుకున్న పొద్దుకు నేను తిరిగి కట్టిన బాకీ అది. కొట్టేస్తే, నష్టం ఆరు వేల రెండు వందల డెబ్బై.